నైట్రో ట్రక్కు ఇంజిన్: ఏ ఇంధనం, ఏ ప్లగ్, ఏ పద్ధతి?

టీ-మాక్స్, రెవో, సావేజ్ లాంటి, రిమోట్‌తో నడిపే చిన్న నైట్రో ట్రక్కులు (నైట్రోమీథేన్ కలిసిన ఇంధనంతో నడిచేవి) ఇప్పుడు సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా దొరుకుతున్నాయి. బ్యాటరీ బండ్లు వచ్చాక చాలామంది వీటిని గరాజ్‌లో ఓ మూల పడేసి, ఇల్లు మారేటప్పుడు వచ్చిన ధరకి అమ్మేస్తున్నారు. డాలస్ వైపు ఇంకాస్త ఎక్కువ. టీ-మాక్స్, రెవో తయారుచేసే ట్రాక్సాస్ కంపెనీ ఉన్నదే మెకిన్నీలో. ఫ్రిస్కో, ప్లేనోల్లో ఉండే మనవాళ్ళకి అది పక్క ఊరు. బండి ఇంటికి తెచ్చిన రోజు నుంచే సందేహాలు మొదలు. 20 శాతం ఇంధనమా, 30 శాతమా? ప్లగ్ వేడిదా, చల్లదా? థర్మామీటర్ చూసి ట్యూన్ చేయాలా, చెవితోనా? షాపులో ఒకరు ఒకటి చెబుతారు, యూట్యూబ్‌లో ఇంకొకరు దానికి పూర్తిగా ఎదురు చెబుతారు.

వీటిలో ఏది తేల్చుకోవాలన్నా ముందు ఒక్క సంగతి తెలియాలి. ఈ ఇంజిన్‌కి విడిగా ఆయిల్ పోసే చోటు లేదు. ఇంధనంలో కలిసి వచ్చే ఆయిలే పిస్టన్‌కీ, కనెక్టింగ్ రాడ్‌కీ, బేరింగులకీ దిక్కు. నీడిల్ (కార్బ్యురేటర్‌లో ఇంధనం ఎంత వెళ్ళాలో సరిచేసే స్క్రూ) బిగించి ఇంధనం తగ్గించామంటే ఆయిల్ కూడా తగ్గించినట్టే. అదే సమయంలో వేడి పెరుగుతుంది. అంటే వేడి ఎక్కువైన సమయానికే ఆయిల్ తక్కువవుతుంది. అందుకని నా సలహా ప్రతిచోటా ఒకే వైపు మొగ్గుతుంది: రెండు దారుల్లో ఇంజిన్‌లోకి ఆయిల్ ఏది ఎక్కువ పంపిస్తుందో, మన పొరపాటుని ఏది ఓర్చుకుంటుందో అది. పోటీల్లో పరిగెత్తించేవాళ్ళకి ఇది నచ్చకపోవచ్చు. వాళ్ళ లెక్క వేరు.

నైట్రోనా, బ్రష్‌లెస్‌నా

దీని మీద ఎక్కువ మాట్లాడను. స్పీడే కావాలంటే బ్రష్‌లెస్ మోటారు, లైపో బ్యాటరీ ఉన్న బండి కొనండి. అదే ముందుంటుంది, బటన్ నొక్కగానే కదులుతుంది, పక్కింటివాళ్ళతో గొడవ ఉండదు. కాలనీ అసోసియేషన్ ఉన్న చోట ఆదివారం పొద్దున్నే నైట్రో స్టార్ట్ చేస్తే సాయంత్రానికల్లా ఈ-మెయిల్ వస్తుంది. పొగ, వాసన, ఆ శబ్దం, స్క్రూడ్రైవర్ పట్టుకుని గంటల తరబడి కూర్చోవడం ఇష్టమైతేనే నైట్రో.

ఇంట్లో చిన్నపిల్లలుంటే మాత్రం ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. ఈ ఇంధనంలో ఎక్కువ భాగం మిథనాలే. కొద్దిగా మింగినా కళ్ళు పోవచ్చు, ప్రాణమూ పోవచ్చు. చర్మం గుండా కూడా ఒంట్లోకి వెళ్తుంది కాబట్టి గ్లోవ్స్ వేసుకోవాలి. మిథనాల్ మంట పగటి వెలుగులో సరిగ్గా కనిపించదు కూడా. తలుపు మూసిన గరాజ్‌లో ఇంజిన్ నడపకూడదని వేరే చెప్పక్కర్లేదనుకుంటా. డబ్బాని తాళం ఉన్న చోట పెట్టాలి. ఎండాకాలం కారు డిక్కీలో అస్సలు ఉంచకూడదు.

ఇంధనం: 20 శాతమా, 30 శాతమా

డబ్బా మీద కనిపించే శాతం నైట్రోమీథేన్‌ది. మిగతాది మిథనాల్, ఆయిల్. నైట్రోమీథేన్ తనలోనే ఆక్సిజన్ ఉంచుకుంటుంది. ఒక పాలు మిథనాల్ పూర్తిగా మండాలంటే బరువులో సుమారు 6.4 పాళ్ళ గాలి కావాలి. నైట్రోమీథేన్‌కి 1.7 పాళ్ళు చాలు. అందుకే అదే గాలితో ఎక్కువ ఇంధనం మండించవచ్చు, బలం పెరుగుతుంది. దీని నుంచి మనకి పనికొచ్చే సూత్రం ఒకటుంది. 20 నుంచి 30కి మారితే నీడిల్ వదులు చేయాల్సిందే. చేయకపోతే ఇంజిన్ లీన్ అవుతుంది, అంటే గాలికి తగినంత ఇంధనం అందదు. 30 నుంచి 20కి వస్తే నీడిల్ ముట్టుకోకపోయినా కాస్త రిచ్ (ఇంధనం ఎక్కువ) అవుతుంది, అంతే. ఒకవైపు మారితే ఇంజిన్‌కి ముప్పు, రెండోవైపు మారితే పొగ ఎక్కువ.

నైట్రో శాతం పెరిగినకొద్దీ ఇంధనం త్వరగా అంటుకుంటుంది. పెద్ద శాతానికి వెళ్తే ఇంజిన్ తలకాయ (హెడ్) కింద ఇంకో పల్చటి షిమ్ (ఎడం పెంచే రేకు), కొంచెం చల్ల ప్లగ్ అవసరం పడొచ్చు. 30 వాడేవాళ్ళు ఐడిల్ (థ్రాటిల్ ఇవ్వనప్పుడు ఇంజిన్ ఊరికే తిరగడం) నిలకడగా ఉంటుందని, ట్యూనింగ్ సులువని అంటారు, అది నిజమే. అయినా 2.5 లేదా 3.3 సీసీ ఇంజిన్‌తో పార్కులో, మట్టిలో తిప్పుకునేవాళ్ళకి 20 శాతం సరిపోతుంది. డబ్బులూ మిగులుతాయి. ఒక గ్యాలన్ అంటే 3.78 లీటర్లు, 125 సీసీ ట్యాంకు లెక్కన 30 సార్లు నింపుకోవచ్చు.

యూరప్‌లో ఉండేవాళ్ళకి ఈ ఎంపిక సగం ప్రభుత్వమే చేసేసింది. నైట్రోమీథేన్‌తో పేలుడు పదార్థాలు తయారు చేయవచ్చు కాబట్టి, యూరోపియన్ యూనియన్‌లో 2021 ఫిబ్రవరి నుంచి 16 శాతం దాటిన ఇంధనం మామూలు జనానికి లైసెన్సు లేకుండా అమ్మరు. 16తో కూడా బండి బాగానే నడుస్తుంది. ప్లగ్ ఒక మెట్టు వేడిది పెట్టుకుంటే చాలు. ఎక్కడున్నా సరే, ఇంధనం విమానంలో తీసుకెళ్ళే ఆలోచన మాత్రం వద్దు. చెక్-ఇన్ లగేజీలో కూడా ఒప్పుకోరు.

నా దృష్టిలో నైట్రో శాతం కంటే ఆయిల్ శాతం ముఖ్యం. దాన్ని మాత్రం డబ్బా మీద పెద్ద అక్షరాలతో రాయరు. కార్ల ఇంధనాల్లో ఆయిల్ సుమారు 8 నుంచి 14 శాతం దాకా ఉంటుంది, విమానాల ఇంధనంలో ఇంకా ఎక్కువ. పోటీల కోసం తయారైన వాటిలో ఆయిల్ తక్కువ. మైలేజీ వస్తుంది, ఇంజిన్ చురుగ్గా ఉంటుంది, కానీ ట్యూనింగ్ కొంచెం తప్పినా కాపాడేది ఏమీ ఉండదు. కొత్తవాళ్ళు 12 శాతానికి తగ్గకుండా, అందులో కొంత ఆముదం ఉన్న ఇంధనం చూసుకోండి.

అవును, మన ఆముదమే. ప్రపంచంలో ఆముదం గింజలు ఎక్కువగా పండేది ఇండియాలో, అందులో సింహభాగం గుజరాత్‌ది. మన మహబూబ్‌నగర్, నల్గొండ మెట్టపొలాల్లోనూ పండిస్తారు. సింథటిక్ ఆయిల్ శుభ్రంగా ఉంటుంది, మరకలు మిగల్చదు, కానీ వేడి హద్దు దాటితే చేతులెత్తేస్తుంది. ఆముదం ఆ వేడిలో చిక్కబడి లోహాన్ని పట్టుకుని ఉంటుంది. ఇంజిన్ లీన్ అయిపోయిన ఆ కొద్ది సెకన్లలో పిస్టన్‌ని కాపాడేది అదే. బదులుగా గోధుమరంగు వార్నిష్ లాంటి పొర వదులుతుంది, అప్పుడప్పుడు గీకాలి. పూర్తి ఆముదం వద్దు, పూర్తి సింథటిక్ వద్దు, రెండూ కలిపినది తీసుకోండి. ఒక బ్రాండు కుదిరాక దాన్నే పట్టుకుని ఉండండి. డబ్బా మారిన ప్రతిసారీ ట్యూనింగ్ మళ్ళీ మొదటికొస్తుంది.

గ్లో ప్లగ్

పెట్రోల్ బండిలోలాగా ఇక్కడ స్పార్క్ ఉండదు. ప్లగ్ లోపల ప్లాటినం కలిసిన సన్నటి తీగచుట్ట ఉంటుంది. మొదట 1.5 వోల్టుల ఇగ్నైటర్‌తో దాన్ని ఎర్రగా చేస్తాం. ఇంజిన్ అందుకున్నాక మిథనాల్ ఆవిరికీ ప్లాటినానికీ మధ్య జరిగే రసాయన చర్యే తీగని ఎర్రగా ఉంచుతుంది. ఇగ్నైటర్ తీసేసినా ఇంజిన్ నడిచేది అందుకే. తీసేయగానే ఆగిపోతే ఒకటి ప్లగ్ పోయి ఉండాలి, లేదా లో స్పీడ్ నీడిల్ బాగా రిచ్‌గా ఉండాలి.

వేడి ప్లగ్, చల్ల ప్లగ్ తేడా ఆ తీగ ఎంత వేడి నిలుపుకుంటుందనే దానిలో ఉంది. చిన్న ఇంజిన్, తక్కువ నైట్రో, చలికాలం: వేడి ప్లగ్. పెద్ద ఇంజిన్, ఎక్కువ నైట్రో, మండే ఎండ: చల్ల ప్లగ్. ఏమీ తోచకపోతే మధ్యరకం. ఓ.ఎస్. కంపెనీ నంబర్ 8 ఆ కోవలోదే, ఎన్నో ఏళ్ళుగా జనం కళ్ళు మూసుకుని కొనే ప్లగ్. కొనేముందు మీ ఇంజిన్ తలకాయ మామూలు ప్లగ్‌దా, టర్బో ప్లగ్‌దా చూసుకోండి. టర్బోకి అడుగు శంకువులా ఏటవాలుగా ఉంటుంది, మరలు కూడా వేరు. ఒకదాని చోట ఇంకోటి పట్టదు. బలవంతం చేస్తే తలకాయ పాడవుతుంది.

వాడిన ప్లగ్‌ని పారేసేముందు ఎండలో పట్టుకుని భూతద్దంతో చూడండి. తీగ తడిగా, మెరుస్తూ ఉంటే ఇంజిన్ క్షేమంగా, కాస్త రిచ్‌గా ఉన్నట్టు. మెరుపు పోయి బూడిదరంగులో గరుకుగా ఉంటే బాగా వేడి తిన్నట్టు. తీగచుట్ట నలిగి ఒక పక్కకి ఒరిగితే మంట వేళకి ముందే అంటుకుంటోంది: ఇంజిన్ లీన్‌గా ఉంది, లేదా కంప్రెషన్ ఎక్కువైంది. తీగ మీద చిన్న చిన్న తెల్లటి లోహపు చుక్కలు అతుక్కుని ఉంటే ఆ రోజుకి బండి కట్టేయండి. ఆ చుక్కలు పిస్టన్ నుంచో తలకాయ నుంచో ఊడినవి.

బ్రేక్-ఇన్: ఐడిల్‌లో వదిలేయడమా, వేడి చేసి నడపడమా

బ్రేక్-ఇన్ అంటే కొత్త ఇంజిన్‌ని మెల్లగా పనికి అలవాటు చేయడం. పాత పద్ధతి ఇది: కొత్త ఇంజిన్‌ని బాగా రిచ్‌గా పెట్టి, బండిని స్టాండు మీద ఉంచి, కొన్ని ట్యాంకులు ఐడిల్‌లో తాగించడం. పని సులువు, టెన్షన్ ఉండదు. నేను మాత్రం వద్దంటాను, కారణం ఇంజిన్ తయారీలోనే ఉంది. ఈ ఇంజిన్లకి పిస్టన్ రింగులు ఉండవు. ఇత్తడి స్లీవ్ (పిస్టన్ కదిలే గొట్టం) పైభాగం కొద్దిగా సన్నబడి ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు పిస్టన్ పైకి రాగానే అక్కడ ఇరుక్కుంటుంది. దీన్నే పించ్ అంటారు. ఇంజిన్ వేడెక్కితే స్లీవ్ వ్యాకోచించి దారి ఇస్తుంది. చల్లగా, రిచ్‌గా గంటల తరబడి నడిపితే పిస్టన్ ఆ ఇరుకులోనే లక్షలసార్లు రాసుకుంటుంది. కంపెనీవాడు పెట్టిన పించ్ మనమే అరగదీసినట్టు. కనెక్టింగ్ రాడ్ మీద భారం అదనం.

హీట్ సైకిల్ పద్ధతిలో ముందు హెయిర్ డ్రయర్‌తోనో హీట్ గన్‌తోనో తలకాయని చెయ్యి పెట్టలేనంత వేడి చేస్తారు. తర్వాత రిచ్‌గానే, కానీ 90 డిగ్రీల సెల్సియస్‌కి తగ్గకుండా, నేల మీద రెండు మూడు నిమిషాలు నడిపి ఆపేస్తారు. ఫ్లైవీల్ తిప్పి పిస్టన్‌ని అడుక్కి దించి, పూర్తిగా చల్లారనిస్తారు. మళ్ళీ మొదలు. చలికాలంలో వేడి నిలవకపోతే తలకాయ చుట్టూ అల్యూమినియం ఫాయిల్ చుట్టుకోవచ్చు. ట్రాక్సాస్ మాన్యువల్ కూడా ఐడిల్‌లో వదిలేయమనదు. నేల మీద నడుపుతూ ట్యాంకు ట్యాంకుకీ థ్రాటిల్ పెంచుకుంటూ పొమ్మంటుంది. ఓపిక ఉంటే హీట్ సైకిల్, లేకపోతే మాన్యువల్ పద్ధతి. ఐడిల్ పద్ధతి మూడో స్థానంలో కూడా పెట్టను.

ట్యూనింగ్: థర్మామీటర్, పొగ, చెవి

ఎక్కువ ఇంజిన్లు పోయేది ఇక్కడే, కాబట్టి తీరిగ్గా మాట్లాడుకుందాం.

ముందు నడిపే పరికరాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూడాలి. ఫిల్టర్ శుభ్రంగా ఉందా, ప్లగ్ మంచిదేనా, ఫ్యూయల్ ట్యూబుకి చిల్లుల్లేవా, ట్యాంకు మూత గట్టిగా పడుతోందా, సైలెన్సర్ నుంచి ట్యాంకుకి వెళ్ళే ప్రెషర్ ట్యూబు ఊడలేదు కదా. వీటిలో ఒక్కటి బాగోలేకపోయినా నీడిల్‌తో ఎంత కుస్తీ పట్టినా లాభం లేదు. ఇంజిన్ చల్లగా ఉండగా ట్యూన్ చేయడం కూడా వృథా. కనీసం ఐదు నిమిషాలు తిప్పి వేడెక్కనివ్వాలి.

వరుస మారకూడదు: మొదట హై స్పీడ్ నీడిల్ (పూర్తి స్పీడులో ఇంధనం సరిచేసేది), తర్వాత లో స్పీడ్ నీడిల్ (తక్కువ స్పీడుకి), చివర్లో ఐడిల్ స్క్రూ. నీడిల్‌ని గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే లీన్, ఎదురు తిప్పితే రిచ్. బిగించేటప్పుడు ఒక్కోసారి చుట్టులో పన్నెండో వంతుకి మించి తిప్పొద్దు. తిప్పాక రెండు మూడు సార్లు పూర్తి థ్రాటిల్‌తో పరిగెత్తించి అప్పుడు చూడండి. ఎప్పుడూ రిచ్ వైపు నుంచి లీన్ వైపు రావాలే కానీ, లీన్‌లో మొదలుపెట్టి వెనక్కి రాకూడదు. పూర్తి స్పీడులో శబ్దం నీటుగా ఉండి, వెనకాల సన్నటి నీలి పొగ చార కనిపించాలి. పొగ మాయమైందంటే ఆయిల్ కూడా చాలడం లేదని అర్థం. స్పీడు మధ్యలో బండి ఒక్కసారిగా డల్ అయితే వెంటనే థ్రాటిల్ వదిలేయండి.

లో నీడిల్‌కి పించ్ టెస్ట్ మించింది లేదు (ఇక్కడ పించ్ అంటే ట్యూబుని నొక్కడం). ఐడిల్‌లో ఉండగా కార్బ్యురేటర్ దగ్గర ఫ్యూయల్ ట్యూబుని వేళ్ళతో నొక్కి పట్టుకోండి. రెండు నుంచి నాలుగు సెకన్లలో శబ్దం కొంచెం పెరిగి ఆగిపోతే సరిగ్గా ఉన్నట్టు. నొక్కీ నొక్కగానే ఆగిపోతే లీన్. శబ్దం బాగా పెరిగి ఎంతకీ ఆగకపోతే రిచ్. ఇంకో పరీక్ష: పది సెకన్లు ఐడిల్‌లో ఉంచి ఒక్కసారిగా థ్రాటిల్ ఇవ్వండి. పొగ కక్కుతూ తడబడితే రిచ్. పొగ లేకుండా టక్కున ఆగితే లీన్. స్పీడుగా వెళ్ళొచ్చి ఆగాక కూడా శబ్దం వెంటనే దిగకుండా పైనే వేలాడుతుంటే లో నీడిల్ లీన్‌గా ఉండాలి, లేదా ఎక్కడో గాలి లీక్ ఉండాలి. నీడిల్ వదులు చేసినా అలాగే ఉంటే లీకే. కార్బ్యురేటర్ అడుగునా, ఇంజిన్ వెనక ప్లేటు దగ్గరా వెతకండి.

ఇక థర్మామీటర్. ఇన్ఫ్రారెడ్ గన్ కొనుక్కోండి, ఖర్చు పెద్దగా ఉండదు. కానీ దాన్ని చూసి ట్యూన్ చేయకండి. "230 ఫారెన్‌హీట్ రావాలి" అని నీడిల్ బిగించుకుంటూ పోయేవాళ్ళని చాలామందిని చూశాను. తలకాయ వేడి ఇంజిన్ సైజుని బట్టి, రెక్కల ఆకారాన్ని బట్టి, బాడీ షెల్‌లోకి వచ్చే గాలిని బట్టి మారుతుంది. చలికాలంలో 200 ఫారెన్‌హీట్ దగ్గర చక్కగా నడిచే ఇంజిన్‌ని, నంబర్ రాలేదని లీన్ చేయడం అన్యాయం. మెరిసే లోహం మీద ఈ గన్ తక్కువ చూపిస్తుంది కూడా. నేరుగా పైనుంచి ప్లగ్ మీదికి గురిపెట్టి, ప్రతిసారీ ఒకే దూరం నుంచి చూడాలి. మామూలుగా 100 నుంచి 125 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. 130 దాటితే ఆపండి. చెవి, పొగ ట్యూనింగ్ చెబుతాయి. థర్మామీటర్ ప్రమాదం చెబుతుంది. రెండూ కావాలి, వాటి పనులు మాత్రం మార్చకండి.

గన్ చేతిలో లేనప్పుడు తలకాయ మీద ఒక నీటిచుక్క వేయడం పాత చిట్కా. మూడు నాలుగు సెకన్లు చిటపటలాడి ఆరితే పర్వాలేదు. పడగానే ఎగిరిపోతే వేడి ఎక్కువ.

వాతావరణం సంగతి చాలామంది తలకిందులుగా అనుకుంటారు. చల్లటి గాలి చిక్కన, అందులో ఆక్సిజన్ ఎక్కువ. కాబట్టి చలిలో ఇంధనం కూడా ఎక్కువ ఇవ్వాలి, అంటే రిచ్ చేయాలి. అక్టోబరులో టెక్సస్‌లో మధ్యాహ్నం ఎండలో అద్దంలా ట్యూన్ చేసిన బండి మర్నాడు పొద్దున చలిలో లీన్ అయిపోతుంది, ఎవరూ నీడిల్ ముట్టుకోకుండానే. ఎత్తుదీ అదే లెక్క. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది. అక్కడ ట్యూన్ చేసిన ఇంజిన్‌ని వైజాగ్ తీసుకెళ్తే గాలి చిక్కబడుతుంది, నీడిల్ వదులు చేయాలి. 1,600 మీటర్ల ఎత్తున్న డెన్వర్ నుంచి డాలస్ వస్తే ఇంకా ఎక్కువ. కొత్త చోట మొదటి ట్యాంకుకి ముందు హై నీడిల్‌ని చుట్టులో ఎనిమిదో వంతు వదులు చేసి మొదలుపెట్టడం మంచి అలవాటు.

స్టార్టర్

తాడు లాగే పుల్ స్టార్టర్ తేలిక, బ్యాటరీ అక్కర్లేదు. తాడుని చివరిదాకా లాగితే తెగుతుంది, కొద్దికొద్దిగా లాగాలి. ట్రాక్సాస్ ఈజీ-స్టార్ట్‌లో 7.2 వోల్టుల బ్యాటరీ ఉన్న చేతి యూనిట్ ప్లగ్‌ని వేడి చేసి ఇంజిన్‌ని కూడా తిప్పుతుంది. ట్రక్కులకి నా ఓటు దానికే. బండిని పైన పెట్టి ఇంజిన్ తిప్పే స్టార్టర్ బాక్స్ పోటీ బగ్గీలవాళ్ళ వస్తువు. ఏది వాడినా, తిరగకుండా బిగుసుకుపోతే బలవంతం చేయొద్దు. సిలిండర్‌లో ఇంధనం నిండి ఉంటుంది. ప్లగ్ విప్పి, గుడ్డ అడ్డంపెట్టి తిప్పితే చిమ్మేస్తుంది.

ఫిల్టర్, ఆఫ్టర్-రన్ ఆయిల్

గాలి ఫిల్టర్ విషయంలో ఎంపికే లేదు. ఆయిల్ పట్టించిన రెండు పొరల స్పాంజ్ తప్ప వేరేది వద్దు. పించ్‌ని దుమ్ము తిన్నంత వేగంగా ఏదీ తినదు. సబ్బునీళ్ళతో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, ఫిల్టర్ ఆయిల్ పట్టించి పిండాలి. దుమ్ములో తిప్పితే రెండు మూడు ట్యాంకులకోసారి విప్పి చూడండి.

రోజు అయ్యాక ట్యాంకు ఖాళీ చేసి, మిగిలిన ఇంధనం ఇంజిన్‌ని తాగనివ్వాలి. మిథనాల్ గాల్లోని తేమని పీల్చుకుంటుంది, నైట్రో మండగా మిగిలినది ఆమ్లంగా మారుతుంది. రెండూ కలిసి మొదట వెనకవైపు బేరింగ్‌కి తుప్పు పట్టిస్తాయి. ప్లగ్ రంధ్రంలో, కార్బ్యురేటర్‌లో కొన్ని చుక్కల ఆఫ్టర్-రన్ ఆయిల్ వేసి ఇంజిన్‌ని కాసేపు తిప్పాలి. దానికని అమ్మే సీసా కొనక్కర్లేదు, ఎయిర్ టూల్స్‌లో వాడే ఆయిల్ కూడా బాగా పనిచేస్తుంది. డబ్ల్యూడీ-40 వచ్చే వారమే మళ్ళీ నడుపుతానంటే సరే. నెలల తరబడి పెట్టేయాలంటే దాని పొర మరీ పల్చన. చివరికి పిస్టన్‌ని అడుక్కి దించి ఉంచండి. పైన ఇరుక్కుని ఉంటే స్లీవ్ చల్లారేటప్పుడు దాన్ని పట్టేస్తుంది.

అరిగిపోతే: పిస్టన్-స్లీవ్ మార్చడమా, కొత్త ఇంజినా

చల్లటి ఇంజిన్‌కి ప్లగ్ విప్పి ఫ్లైవీల్‌ని చేత్తో తిప్పి చూడండి. పైన ఎక్కడా అడ్డు తగలకుండా జారిపోతే పించ్ పోయినట్టే. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ అయి, వేడెక్కాక ఆగితే మళ్ళీ అందుకోకపోవడం కూడా దాని గుర్తే. ఇలాంటప్పుడు నీడిల్ బిగించి లాక్కురావాలనిపిస్తుంది. అది మిగిలినదాన్ని కూడా పోగొట్టుకోవడమే.

తర్వాత వెనక ప్లేటు విప్పి కనెక్టింగ్ రాడ్‌ని పైకీ కిందికీ కదిపి చూడాలి. వదులు తగలకుండా, బేరింగులు గరగరలాడకుండా తిరుగుతుంటే పిస్టన్-స్లీవ్ సెట్ ఒక్కటే మార్చుకోండి. రాడ్‌ని కూడా దాంతోపాటే మార్చేయడం మేలు, పాత రాడ్ కొత్త పించ్‌కి తట్టుకోదు. స్లీవ్‌ని నొక్కి మళ్ళీ పించ్ తెప్పించేవాళ్ళు ఉన్నారు. దుమ్ము గీతలు పడని స్లీవ్‌కైతే కొన్నాళ్ళు పనిచేస్తుంది. వేలితో తాకితే గీతలు తెలిసేంత ఉంటే అనవసరం. రాడ్ వదులు, బేరింగుల శబ్దం, పించ్ లేకపోవడం మూడూ కలిస్తే విడిభాగాల ధరలు కూడి చూడండి. కొత్త ఇంజిన్‌కి దగ్గర్లోకి వస్తుంది, అప్పుడు కొత్తదే కొనండి. క్రాంక్ షాఫ్ట్ పొడవు, స్టార్టర్ అమరిక, ఎగ్జాస్ట్ పక్కకా వెనక్కా అన్న మూడూ మీ ట్రక్కుకి సరిపోతాయో లేదో కొలుచుకున్నాకే ఆర్డర్ పెట్టండి.